డెల్మర్ మోసిన కొట్టం

పొద్దున్నే దాణా కొట్టులో పొయ్యి చుట్టూ చేరి అందరూ కాఫీ తాగుతున్నారు గానీ, లవోన్ మాత్రం కప్పు చేత్తో పట్టుకుని హాలు సంగతే మాట్లాడుతోంది. వాగు ఒడ్డు కోసుకుపోయి ఊరి హాలు గోడదాకా వచ్చేసింది. పెళ్ళి విందులూ, చావు భోజనాలూ, శనివారం డాన్సులూ అన్నీ అందులోనే. ఆ మెత్తనేలలో లారీ దిగబడుతుంది కాబట్టి, పాతకాలంలోలా ఈ శనివారం ఊరంతా కలిసి ఆ చెక్క హాలుని చేతులతో ఎత్తి గట్టుమీదికి మోసుకుపోదామని ఆవిడ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. కర్ట్ ఒప్పుకుంటే పడమటివైపు రైతులంతా వస్తారు. ఆ కర్టే తల అడ్డంగా ఊపుతున్నాడు.

"బరువు సంగతి కాదు లవోనక్కా. అంతమంది కాళ్ళు ఒక్కలా పడాలి కదా. ఒక పక్క ముందుకెళ్ళి ఒక పక్క ఆగిపోతే గోడలు విరిగి మన మీదే పడతాయి."

"అదేం పెద్ద పనిరా," అన్నాడు ఎనభై దాటిన డెల్మర్, చేతికర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని. "లవోన్ వాళ్ళ నాన్న పశువుల కొట్టం గట్టెక్కించినప్పుడు నేను లేనూ? గొప్ప చెప్పుకోను గానీ, ఒక్క మూల పట్టుకున్నానంతే."

"ఒక్క మూలేనా? బాగా తగ్గావే," అన్నాడు కొట్టు యజమాని మెర్ల్.

"పూర్తిగా విను మరి. సగం దారిలో భోజనాల వేళైంది, అందరూ వదిలేసి పోయారు, నాకేమో ఆకల్లేదు, ఊరికే నిలబడ్డం ఎందుకని భుజమ్మీద పెట్టుకుని నడిచాను. లోపల వీళ్ళమ్మ పాలు పిండుతోంది. బకెట్లో నురగ చెదిరితే ఒట్టు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వెనక ఏదో చప్పుడు. చూస్తే వాగు. ఆ ఆవులు రోజూ తన నీళ్ళే తాగేవి కదా, బెంగపెట్టుకుని కుక్కపిల్లలా గట్టెక్కి వచ్చేస్తోంది. ఇంటికి పో అని కసిరితే గానీ వెళ్ళలేదు, పాపం."

"మరి చేపలు?" అన్నాడు కర్ట్.

"అవి ఆలస్యంగా బయల్దేరాయి. తిరిగొస్తున్న వాగుకి దార్లో ఎదురయ్యాయి. సరే, కొట్టం దించానా, తలుపు ఉత్తరానికొచ్చింది. చలిగాలి. మళ్ళీ ఎత్తితే పాలు ఒలుకుతాయి. అందుకని కొట్టాన్ని అలాగే ఉంచి, ఒంటిచేత్తో జిల్లానే తిప్పాను. ఆ సాయంత్రం ఎటు దిగాలో తెలీక సూర్యుడు మన చర్చి కప్పుమీద కాసేపు కూర్చున్నాడు."

నవ్వులు ఆగాక లవోన్ కప్పు కింద పెట్టింది.

"నువ్వా కొట్టం ముట్టుకోనే లేదు బాబాయ్. ముందు వారమే మా అటకమీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నావు. తుంటిదాకా కట్టు. నిన్ను బండిమీద కుర్చీ వేసి కూర్చోబెట్టారు."

ముసలాయన చెవులు ఎర్రబడ్డాయి.

"కూర్చుని ఏం చేశాడు?" అన్నాడు కర్ట్.

"అడుగులు పలికాడు. ఎడమ, ఆగు, కుడి, ఆగు. మోసేవాళ్ళకి ముందువాడి వీపు తప్ప ఏం కనపడుతుంది? ఆ రోజు మేమంతా డెల్మర్ గొంతునే నమ్ముకుని నడిచామని మా నాన్న పోయేదాకా చెప్పేవాడు." ఆవిడ ముసలాయన వైపు వంగింది. "శనివారం బండి నేను తెస్తాను బాబాయ్. కుర్చీలో దిండు కూడా వేస్తాను."

"ఆ గొంతు ఇప్పుడు లేదమ్మాయ్," అన్నాడు డెల్మర్.

తన గురించి అతను తక్కువ చేసి చెప్పడం లవోన్ వినడం అదే మొదలు.

"ఏదీ, ఒకసారి అను," అన్నాడు కర్ట్.

డెల్మర్ గొంతు సవరించుకున్నాడు. బొంగురుగా, తాపీగా, "ఎడమ," అన్నాడు.

ఎవరూ కుర్చీల్లోంచి లేవలేదు. చెక్కనేలమీద ఎడమ బూట్లు మాత్రం అన్నీ ఒక్కసారే చప్పుడు చేశాయి. కర్ట్‌ది కూడా.