పైడయ్య ఆకు

దీపావళి ముందు సాయంత్రం, మలేషియాలో ఇపో ఊళ్ళోని ఆ ఇంట్లో చనిపోయిన పెద్దలకు వడ్డించిన అరిటాకులన్నీ దీపం ముందు పెట్టాక, ముసలమ్మ తినేవాళ్ళ వరసలో ఒక ఆకు ఎక్కువ పరిచింది. అది మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళి తిరిగిరాని పైడయ్యది. మనవరాలు ఫోనుతో వచ్చి పక్కన కూర్చుని, అక్కడి పిల్లల్లాగే మాట చివర 'లాహ్' తగిలించి అంది.

"మామ్మా, పైడయ్య తాత పేరు దొరికింది లాహ్. ఇరాకులో, బస్రాలో పోయినాడు."

"ఎవులు సెప్పినారు?"

"ఆ యుద్ధంలో పోయినోళ్ళ పేర్లలో ఉంది. ఊరు, తండ్రి పేరు, అన్నీ మనవే. పందొమ్మిదొందల పదిహేడు."

"ఆయన పెళ్ళాం పిల్లోణ్ణి సంకనేసుకుని ఓడెక్కింది ఆ తరవాతే."

"ఇంక ఆకు దీపం కాడికి జరిపెయ్."

"నేను ఈ ఇంటికి కొత్తగా వచ్చిన ఏడు ఆవిడ పోయింది. ముత్తైదువని పెద్ద బొట్టెట్టి, తలనిండా పూలెట్టి సాగనంపినాం."

"తెలీక పెట్టినారు గదా, తప్పేటి?"

"ఇప్పుడు ఆకు జరిపితే, ఓడెక్కిన నాటినుంచీ ఆవిడ ముండమోసినట్టే గదే."

ముసలమ్మ చెయ్యి తన బోసి నుదుటి దాకా వెళ్ళి దిగింది.

"మా తాత, నీ మొగుడు, పోయినప్పుడు నువ్వు బొట్టు తీసేసినావు గదా, మామ్మా?"

"నేను తియ్యలేదు. పదిమందీ కూకోబెట్టి తీసేసినారు. ఆవిడికి నేను తియ్యను."

"మరి ఈ పేరు ఏటి సెయ్యను?"

"నీ ఫోనులోనే ఉండనీ. దీపం కాడ ఆవిడ పొటం ఉంది, గట్టిగా సదవకు. నెయ్యి ఇలా అందుకో, ఆయన అన్నం సల్లారిపోతంది."