మెట్రో ఆపిన గదువ

మంగళవారం సెలూన్ బంద్. అందుకే సారయ్య మధ్యాహ్నం నుంచే అమీర్‌పేట మెట్రో స్టేషన్ వెనక సందులో, చాయ్ కొట్టు బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన మొబైల్ రిపేర్లు చేసే సురేందర్, పంజాగుట్టలో ఓ ఆస్పత్రి వార్డులో పనిచేసే దయానందం. బిడ్డ ఎట్లుందన్నా అని సురేందర్ మాటవరసకు అడిగాడు. అంతే, సారయ్య అందుకున్నాడు.

"మధులతనా? మస్తుగున్నది. గదువకు, అదే గడ్డం ఎముకకు, ఆపరేషన్ అయింది గద. గా డాక్టరుకు సలహా ఇచ్చింది ఎవరనుకున్నవ్? నేనే. నవ్వకు సురేందర్. ముప్పై ఏండ్లు మంది గదువలు పట్టుకొని బతికిన చెయ్యి ఇది. కండ్లు మూసుకొని తడిమితే మనిషి ఏ ఊరోడో చెప్త. బిడ్డకు గదువ జర లోపలికుంటది, నా పోలికే. ఇన్‌స్టిట్యూట్‌ల సాఫ్ట్‌వేర్ పాఠం చెప్తది, వాళ్ళు వీడియో తీసి పెడ్తరు, కింద పోరగాండ్లు పాఠం సంగతి రాయరు, గదువ సంగతి రాస్తరు. ఎన్ని దినాలు చూస్తది? చేయించుకుంట నాయనా అన్నది, పద బిడ్డా అన్న. డాక్టరు మూడు తొవ్వలు చెప్పిండు. ఒకటి సూది. జెల్ లెక్క మందు ఎక్కిస్తరు, కోసుడు లేదు, గంటల ఇంటికి రావచ్చు, గని ఏడాది, ఏడాదిన్నరల కరుగుతది, మళ్ళ పొడిపించుకోవాలె. రెండోది లోపల సిలికాన్ ముక్క పెట్టుడు. అది కరగదు, గని జరుగొచ్చు, చీము పడితే తియ్యాలె. మూడోది గదువ ఎముకనే కోసి, ముందుకు జరిపి, స్క్రూలు బిగించుడు. సొంత ఎముక, జీవితమంతా ఉంటది, గని కింది పెదవి మొద్దుబారొచ్చు. ఇగ ఆలోచించుకోండ్రి అన్నడు."

"ఇంత వివరంగ ఎట్ల గుర్తున్నదన్నా?" అన్నాడు సురేందర్.

"గుర్తుండకేంది, ఒక్కొక్క మాట గుర్తున్నది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? డాక్టరు కుర్చీల నుంచి లేసి, సారయ్యా, నీ చెయ్యి ఏమంటదో చెప్పు అన్నడు. నేను రెండు వేళ్ళతోని ఇట్ల పట్టిన. సూది వద్దు, ముక్క వద్దు, ఎముకనే జరుపుండ్రి, అయిదు మిల్లీమీటర్లు, అండ్ల ఒక వెంట్రుకంత తక్కువ అన్న. మిషన్ల పెట్టి చూస్తే అచ్చం అదే లెక్క. ఇగ ఆస్పత్రంత గుప్పుమన్నది. కింది అంతస్తు డాక్టర్లు, మీది అంతస్తు డాక్టర్లు, ఢిల్లీ నుంచి విమానం దిగిన ఏడుగురు, అందరు లైన్ల నిలబడి జర మా గదువలు సుత చూడు సారయ్యా అన్నరు. చూసిన. ఆపరేషన్ దినం నన్ను సుత లోపలికి తోలుకపోయిండ్రు, గౌను తొడిగిండ్రు. నడుమిట్ల రంపం ఆగిపోయింది. డాక్టరు చెమటలు తుడుచుకుంటుండు. నేను జేబులకెళ్లి నా కత్తి తీసిన. ఒక్క గీత. నెత్తురు చుక్క రాలే. పక్క రూముల మత్తుల ఉన్న పేషెంటు లేసి చప్పట్లు కొట్టిండు."

"మత్తులనా?" అన్నాడు సురేందర్.

"మత్తులనే. ఇంకా విను. కట్టు విప్పి బిడ్డ బయటికొచ్చింది. పంజాగుట్ట చౌరస్త దాటుతున్నం. ఫ్లైఓవర్ మీద బండ్లన్నీ ఆగినయ్. పైన మెట్రో డ్రైవర్ చూసి బ్రేకు కొట్టిండు, ఎర్రగడ్డ దాంక రైళ్ళు ఒకదాని వెనక ఒకటి నిలబడ్డయ్. ట్రాఫిక్ పోలీసు ఉరికొచ్చి, అమ్మా, జర చున్నీ అడ్డం పెట్టుకో, ఆఫీసులోళ్ళు ఇండ్లకు పోవాలె అని బతిమిలాడిండు."

సురేందర్ నవ్వుతుంటే చేతిలో చాయ్ ఒలికింది. దయానందం నవ్వలేదు.

సారయ్య గొంతు తగ్గించాడు. "అసలు సంగతి చెప్పుడు మరిచిన. మత్తు దిగంగనే బిడ్డ కండ్లు తెరిచి నా చెయ్యి పట్టుకున్నది. నువ్వు చెప్పింది మంచిగయింది నాయనా అన్నది. మొదటి మాట అదే."

దయానందం గ్లాసు బెంచీ మీద పెట్టాడు.

"సారయ్యన్నా, ఆ దినం వార్డుల డ్యూటీ నాదే," అన్నాడు మెల్లగా. "ఇన్ని దినాలు చెప్పొద్దనే ఉన్న. బిడ్డ హాస్టల్ దోస్తుతోని వచ్చింది. ఫారం మీద తోడొచ్చినోళ్ళ సంతకం ఆ పిల్లనే పెట్టింది. మత్తు దిగినంక మధులత నన్ను గుర్తుపట్టి, నాయన వచ్చిండా అంకుల్ అని ఒక్కసారి అడిగింది. రాలేదమ్మా అన్న. మళ్ళ అడగలే."

సురేందర్ నవ్వు ఆగిపోయింది. సారయ్య తన అరచేతులు చూసుకున్నాడు. ఏదో ఒకటి కల్పించి చెప్తాడేమోనని వాళ్ళిద్దరూ ఎదురుచూశారు. 

"బిడ్డ ముందుగాల నన్నే అడిగింది, దయానందం," అన్నాడు సారయ్య. "గిరాకీ మీద ఉన్నప్పుడు సెలూన్‌కు వచ్చింది. మూడు తొవ్వలు కాయితం మీద రాసుకొచ్చింది, దేంట్ల ఏం మంచిది, దేంట్ల ఏం కష్టమని. రోజూ గదువలు చూస్తవ్ గద నాయనా, నువ్వు ఏదంటే అదే చేయించుకుంట అన్నది. నేను కత్తి ఆపలే, ఆమె దిక్కు చూడలే. నేనిచ్చిన మొహం నచ్చకపోతే నేను సుత నచ్చనట్టే, పో అన్న. కుర్చీలున్న గిరాకీ నవ్విండు. బిడ్డ కాయితం అద్దం కాడ పెట్టి పోయింది. హాస్టల్‌కు మారింది. పోయినంక సదివిన ఆ కాయితం. ఎన్నిసార్లు సదివిన్నో లెక్కలేదు. ఆపరేషన్ అయిందని సుత వేరేటోళ్ళు చెప్తేనే తెలిసింది."

చాయ్ కొట్టాయన స్టవ్ మంట తగ్గించాడు. కోచింగ్ పిల్లలు గుంపుగా బెంచీ పక్కనుంచి వెళ్ళారు.

"ఎముకదే చేయించుకున్నదా?" అని అడిగాడు సారయ్య.

"ఎముకదే."

"పెదవి?"

"ఒక దిక్కు ఇంకా జర మొద్దుగనే ఉన్నదంట. మెల్లగ తగ్గుతదన్నరు."

సారయ్య తల ఊపాడు. తర్వాత, సురేందర్‌కు వినపడకూడదన్నట్టు, దయానందం వైపు వంగాడు.

"మొహం ఎట్లున్నది? నేను చూడలే."

దయానందం బెంచీ మీది గ్లాసు పక్కకు జరిపాడు.

"మంచిగున్నది అన్నా," అన్నాడు.

సారయ్య సురేందర్ వైపు తిరిగి, "మంచిగున్నదంట," అన్నాడు.