చెవుల్లేని ఊరు

ఏమిటే అమ్మాయ్, పిల్లదాని చేత పులి బొమ్మ వేయించి, కింద నీతి కూడా నువ్వే రాసేస్తున్నావా? చెరిపెయ్, చెరిపెయ్. మా అట్టలత్త చూసుంటే ఆ కాగితం నీ నెత్తికే అంటించేది. ఎవరంటావేంటి, మా మేనత్తే, నాన్నకి చెల్లెలు. అట్టపెట్టెలు చేసేచోట పని ఆవిడకి. సాయంత్రం రావడం రావడమే సంచీలో అట్టముక్కలన్నీ వంటింటి గచ్చు మీద కుమ్మరించేది. ఇక చూడు, ఇంట్లో పిల్లలమంతా ఈగల్లా ముసిరేవాళ్ళం. ఆవిడ కథ చెప్పడం, మేం దాన్ని అట్టతో చెయ్యడం. "నీతేంటత్తా?" అంటే, "నా నోరు కథ వరకే. మిగతాది మీ చేతుల్నడగండి" అనేది. జుట్టులో కూడా జిగురే ఆవిడకి, దువ్వెన దిగేది కాదు పాపం. ఏం చెప్తున్నాను? ఆఁ, పులి.

మా నాన్న గడియారాలు బాగుచేసేవాడు. మంచివాడే గానీ కోపం ముక్కు మీదుండేది. ఒకసారి ఎవరిదో గోడగడియారం అద్దం పగిలింది. నేనే పగలగొట్టాను, ఇప్పుడు దాచేదేముంది. "ఎవరే?" అన్నాడు. "తమ్ముడు" అన్నాను. అంత తేలిగ్గా వచ్చేసిందే నోట్లోంచి. వాడు "నేను కాదు నాన్నా, నేను కాదు" అని మొత్తుకున్నా వింటేగా. "మళ్ళీ నా గదిలో కాలు పెట్టావంటే చూడు" అన్నాడు. వాడికేమో ఆ గదే లోకం. బడి నుంచి రాగానే నాన్న పక్కన పీట వేసుకుని చిన్న చిన్న మరలు ఏరి ఇచ్చేవాడు. అలాంటివాడు నాలుగు రోజులు గుమ్మం బయటే కూర్చున్నాడు.

అయిదో రోజు అత్త ఆ కథ ఎత్తుకుంది. అదే, గొర్రెల కాపరి ఉత్తుత్తికే పులి పులి అని అరిస్తే, నిజంగా పులి వచ్చిన రోజు ఊళ్ళో ఒక్కడూ కదలడు చూడు, ఆ కథ. అందరికీ కత్తెరలిచ్చి నాకు మాత్రం జిగురు కుంచె ఇచ్చింది. ఎంత ఉక్రోషమొచ్చిందో నాకు. సరే, పులికి చారలు, గొర్రెలకి దూది, ఒకటే సందడి. తమ్ముడి వంతుకి ఊరి జనం వచ్చారు. పదకొండు మందిని కత్తిరించి వరసగా నిలబెట్టాడు. ఒక్కడికీ చెవుల్లేవు. మేం పడీ పడీ నవ్వాం. "చెవులు మర్చిపోయావురా" అంది అత్త. వాడు తలెత్తకుండా, "మర్చిపోలేదత్తా. నిజం చెప్పినా వినరుగా, ఎందుకు దండగ" అన్నాడు.

వాడి చేతిలో కత్తెర లాక్కుని, అరచెయ్యి చురుక్కుమంటున్నా సరే, రెండు పేద్ద చెవులు కత్తిరించాను. ఒక్క పరుగున వెళ్ళి నాన్న బల్ల మీద పెట్టి, "ముందివి పెట్టుకో, తర్వాత చెప్తా" అన్నాను. నిజంగా పెట్టుకున్నాడే! కళ్ళజోడు కాడలకి దోపుకుని కూర్చున్నాడు. అంతా చెప్పాను. విన్నాడు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. లేచి ఆ చెవులతోనే గుమ్మం దగ్గరికెళ్ళి, "రారా నాయనా, ఈ మరలు నాకు కనబడి చావట్లేదు" అన్నాడు.

చాలా ఏళ్ళకి, అత్త మంచం పట్టాక అడిగాను, ఆరోజు నాకెందుకు కత్తెర ఇవ్వలేదని. నా చెయ్యి తీసుకుని బొటనవేలితో తడిమింది. ఇదిగో, ఈ గీత మీద. "అద్దం కోసిన చేతికి కత్తెర ఒరుసుకుంటుందనీ..." అంది.

అంటే మొదటి నుంచీ తెలుసు. తెలిసీ నాలుగు రోజులు... ఊఁ. ఆ జిగురుకి మూత పెట్టవే, ఎండిపోతోంది.