నాకు మినహాయింపు వద్దు

నా పదవీ విరమణ సభకు అధ్యక్షత వహిస్తున్న డైరెక్టరుగారికి, ఆస్పత్రుల తరఫున శ్రమ తీసుకుని వచ్చిన పెద్ద డాక్టరుగారికి, వేదిక మీద కుర్చీలు చాలక కిందే సర్దుకున్న పెద్దలకు, పని మానుకుని వచ్చామని చెబుతూనే ఒళ్లో లాప్‌టాప్ తెరిచి ఉంచుకున్న నా తోటివారందరికీ నమస్కారం. (నవ్వులు) మూయకండి, మూయకండి, పని జరగనివ్వండి. రెండో వరసలో కూర్చుని, ఈవిడకు మైకు ఎవరిచ్చార్రా అన్నట్టు అప్పుడే వాచీ చూసుకుంటున్న మా ఆయనకు, ఆయన్ని మోచేత్తో పొడుస్తున్న మా కోడలికి కూడా నమస్కారం.

ఇందాకటి నుంచి వక్తలు నా గురించి చెప్పినవన్నీ శ్రద్ధగా విన్నాను. అంత ఓర్పు, అంత శాంతం, ఎప్పుడూ చెరగని చిరునవ్వు ఉన్న ఆ మనిషెవరో నాకూ ఒకసారి చూడాలనిపించింది. (నవ్వులు) నా వెనక నన్ను ‘ఎర్రసిరా మేడం’ అంటారన్న సంగతి మాత్రం ఒక్కరూ బయటపెట్టలేదు. నాకు తెలియదనుకుంటున్నారు కాబోలు. మన క్యాంటీన్ గోడలు బాగా పల్చన, గుర్తుపెట్టుకోండి.

ఇంటివాళ్లు చాలామంది వచ్చారు కాబట్టి మేం చేసే పనేమిటో నాలుగు ముక్కల్లో చెబుతాను, మావాళ్లు కాసేపు ఆవలించవచ్చు. ఆస్పత్రుల్లో రోగుల వివరాలు, అంటే ఎవరికి ఏ జబ్బు, ఎవరికి ఏ మందు పడదు, ఇవన్నీ మేం భద్రపరుస్తాం. ఈ భవనంలో కాదు. ఎక్కడో ఉన్న పెద్ద పెద్ద కంప్యూటర్ల కేంద్రాల్లో చోటు అద్దెకు తీసుకుని, అందులో మాకు కావలసినన్ని వర్చువల్ మెషీన్లు పుట్టించుకుంటాం. చేత్తో తాకే యంత్రాలు కావవి. కావాలంటే చిటికెలో పుడతాయి, వద్దంటే చిటికెలో పోతాయి. దాన్నే క్లౌడ్ అంటున్నారు. అలా పుట్టిన ప్రతి మెషీనుకీ కొన్ని నియమాలుంటాయి. బయటి దారులు మూసి ఉండాలి, లోపలి సమాచారం పరాయివాళ్లకు అర్థం కాకుండా మార్చి దాచాలి, పని ఉన్నవాళ్ల దగ్గరే తాళం, అంటే లోపలికి వెళ్లే అనుమతి, ఉండాలి. ఇవన్నీ మనుషులు తిరిగి చూడాలంటే అయ్యే పని కాదు. అందుకని మేం పరీక్షలు, అంటే చిన్న చిన్న ప్రోగ్రాములు, రాసి వదులుతాం, అవి రాత్రనక పగలనక వాటంతటవే ప్రతి మెషీన్నీ తట్టి చూస్తుంటాయి. సవ్యంగా ఉంటే తెర మీద పచ్చ, తేడా ఉంటే ఎరుపు. మా ఆయన ఒకసారి ఇదంతా ఓపిగ్గా విని, “అంటే ఇంట్లో గ్యాసు కట్టేశారా, గడియ పెట్టారా అని నన్ను చంపుకు తింటావే, అదేనా?” అన్నారు. అదేనండీ. అక్కడ విసుక్కుంటారు, ఇక్కడ శాలువా కప్పారు. (నవ్వులు)

మా జట్టులో ఒకాయన్ని మేమంతా బ్రహ్మగారంటాం. అడిగిందే తడవుగా మెషీన్లు సృష్టించేస్తారు, ఆపైన వాటి బాగోగులు మాత్రం ఇంకెవరో చూసుకోవాలి. లేచి నిలబడండి బ్రహ్మగారూ, అందరూ చూడనివ్వండి. (చప్పట్లు) ఈయన లేకపోతే మా పరీక్షలు ఒక్కటీ నమ్మదగ్గవి కావు, ఎందుకో చెబుతాను. మొదట్లో మా దగ్గర ఒక పరీక్ష ఉండేది, ఎప్పుడు చూసినా పచ్చే. అబ్బో, ఎంత బాగా పనిచేస్తున్నామో అని మురిసిపోయాం. తీరా విప్పి చూస్తే అది ఏ మెషీన్నీ తట్టడమే లేదు, గుమ్మంలో నిలబడి ‘అందరూ క్షేమం’ అని చెప్పి వెళ్లిపోతోంది. ఆ దెబ్బతో మాకొక అలవాటైంది. ఎవరు కొత్త పరీక్ష రాసినా, ముందు బ్రహ్మగారిచేత కావాలని ఒక తప్పుడు మెషీను చేయిస్తాం, తలుపులు బార్లా తీసి ఉన్నదన్నమాట. దానికి ‘దొంగమెషీను’ అని పేరు. పరీక్ష ఆ దొంగను పట్టుకుని తెర ఎర్రబడితేనే దాన్ని పనిలో పెడతాం. ఎర్రబడడం చేతకాని పరీక్ష చూపించే పచ్చ నాకక్కర్లేదు. నన్ను ఎర్రసిరా అన్నందుకు నాకు కోపం లేదు, ఎరుపంటే నాకు అంత ఇష్టం.

డైరెక్టరుగారూ, మీరు అనుమతిస్తే మన పాత గొడవ ఒకటి చెబుతాను. (అధ్యక్షులు కానివ్వమన్నట్టు చెయ్యి ఊపారు) అప్పట్లో ఒక కొత్త సేవ మొదలుపెట్టబోతూ, సారు ఇంటి నుంచి చూసుకోవడానికి వీలుగా ఒక మెషీను దారి తెరిచి ఉంచమని, పరీక్ష దాని జోలికి వెళ్లకుండా మినహాయింపు ఇమ్మని అడిగారు. మినహాయింపు కావాలంటే ఎవరైనా సరే రెండు సంగతులు రాయాలి: ఎందుకు, ఎప్పటిదాకా. ఎందుకండీ అని అడిగాను. “నేను డైరెక్టర్ని కాబట్టి” అన్నారు. అది హోదా అండీ, కారణం కాదు అన్నాను. (నవ్వులు, చప్పట్లు) ఆ తర్వాత చాలా రోజులు లిఫ్టులో నేను కనిపిస్తే సారు మెట్లెక్కి వెళ్లిపోయేవారు. ఈ వయసులోనూ ఆయన ఇంత ఆరోగ్యంగా ఉన్నారంటే అది నా చలవే. (పెద్దగా నవ్వులు)

ఇక ఇవాళ్టి సంగతి. చెప్పాలా వద్దా అని భోజనాల దగ్గర్నుంచీ తర్జనభర్జన పడుతున్నాను.

ఉద్యోగం నుంచి వెళ్లిపోయినవాళ్ల తాళం ఏ మెషీను మీదా మిగలకూడదన్నది మా పరీక్షల్లో ఒకటి. పొద్దున్నే సిబ్బంది విభాగంవారు నా పేరు వెళ్లిపోయినవాళ్లలో చేర్చారు. అంటే నా తాళం తీసేసేదాకా తెర ఎర్రగా ఉండాలి. భోజనం చేసి నా గదిలోకి వెళ్లి చూశాను. పచ్చగా ఉంది. అప్పుడే తీసేశారా అని, నిజం చెప్పొద్దూ, మనసు చివుక్కుమంది. సాయంత్రం దాకా ఆగితే వీళ్ల సొమ్మేం పోయింది అనుకున్నాను. అయినా నా బుద్ధి ఊరుకోదు కదా, నా తాళంతో లోపలికి వెళ్లబోయి చూశాను. వెళ్లిపోయాను! తాళం శుభ్రంగా పనిచేస్తోంది, పరీక్షేమో పచ్చగా నవ్వుతోంది. రెండూ ఎలా కుదురుతాయి? ఈవిడ జోలికి వెళ్లకు అని పరీక్షకు ఎవరో చెప్పి ఉండాలి. వెతికితే దొరికింది, నా పేరు మీద మినహాయింపు. ఎందుకు అన్నచోట ‘మా మేడం కాబట్టి’ అని రాసి ఉంది. ఎప్పటిదాకా అన్నచోట ‘ఆవిడ వద్దనేదాకా’ అని ఉంది.

రాసిందెవరో వేలెత్తి చూపించను. మొదటి వరసలో లాప్‌టాప్ ముందు తల వంచుకుని కూర్చుని, నా వెనకున్న పెద్ద తెర మీద నా ఫొటోలు తిప్పుతోంది. (నవ్వులు) రేపటి నుంచి నా కుర్చీలో కూర్చోబోయే మా చిన్నమేడం. దానికి సరేనన్నది బ్రహ్మగారు. డైరెక్టరుగారు కిటికీ వైపు చూస్తున్నారంటే ఆయనకూ తెలుసన్నమాట. అందుకేనా, భోజనాల దగ్గర “మీరెక్కడికీ వెళ్లడం లేదు మేడం” అన్నారు!

తలుపు వేసుకుని ఏడ్చాను. నాకు ఇంతకంటే పెద్ద సన్మానం ఎవరు చేస్తారు? మీ అందరికీ తెలియనిది ఒకటి చెబుతాను, మా ఆయనకు కూడా తెలియదు, ఇప్పుడే వింటున్నారు. కొంతకాలంగా నాకు లోలోపల ఒకటే బెంగ. రేపు పొద్దున లేచి ఏ తెర చూడాలి? మెడలో ఈ కార్డు లేకపోతే నన్ను ఎవరైనా ఏదైనా అడుగుతారా? అలాంటప్పుడు నా తాళం ఇంకా పనిచేస్తోందని తెలిసేసరికి, నోరు మూసుకుని ఇంటికి వెళ్లిపోదామనే అనిపించింది. ఎవరికి నష్టం, నేనేమైనా దొంగనా? ఎప్పుడైనా తోచనప్పుడు లోపలికి తొంగి చూసి, అన్నీ పచ్చగా ఉన్నాయో లేదో చూసుకుని వచ్చేస్తాను, అంతే కదా అనుకున్నాను.

నేను మంచిదాన్నే, ఒప్పుకుంటాను. (నవ్వులు) కానీ ఏదో ఒక రోజు ఫోను ఎక్కడో పారేసుకుంటాను, లేదా ఎవడో తీయగా మాట్లాడి నా చేతే గుట్టు చెప్పించుకుంటాడు. ఆ పూట నా పేరు తగిలించుకుని లోపలికి వచ్చేది నేను కాదు. మన పరీక్ష మాత్రం ‘మా మేడం కాబట్టి’ అని దారి ఇచ్చేస్తుంది. డాక్టరుగారి వార్డులో ఒకావిడ ఉంటుంది, తన జబ్బు సంగతి సొంత అక్కకు కూడా చెప్పుకోలేదు, మనల్ని నమ్మి మన దగ్గర దాచుకుంది. నేను మీకు ఎంత మంచి మేడమో ఆవిడకేం పట్టింది?

చిన్నమేడం, ఇటు చూడు తల్లీ. హోదా కారణం కాదన్నప్పుడు నువ్వు నా పక్కనే ఉండి చప్పట్లు కొట్టావు. ప్రేమ కూడా కారణం కాదమ్మా. డైరెక్టరుగారిని కాదనడం నాకు పెద్ద కష్టమనిపించలేదు, మిమ్మల్ని కాదనడానికి మాత్రం ఇంతసేపు పట్టింది. రేపు ఇలా ప్రేమగా అడిగేవాళ్లు నీ దగ్గరికే వస్తారు. అప్పుడు నీకు కష్టంగా ఉంటుంది, అయినా కాదను. ఆవిడ వద్దనేదాకా అని రాశావు కదా. వద్దంటున్నాను.

కృతజ్ఞతలు ఇప్పుడే చెప్పేస్తాను. ఎన్నిసార్లు కోప్పడినా నన్ను పనిలో ఉంచుకున్న డైరెక్టరుగారికి, మా మీద నమ్మకం పెట్టుకున్న డాక్టరుగారికి, నా నోటికి భయపడకుండా పనిచేసిన మీ అందరికీ, చల్లారిన కాఫీ తాగుతూ ఇన్నేళ్లూ నాకోసం ఎదురుచూసిన మా ఆయనకు, నా ధన్యవాదాలు. (చప్పట్లు)

ఇప్పుడు ఆ ఫొటోలు తీసేసి మన పరీక్షల తెర పెట్టమ్మా, పెద్దగా, వెనకవాళ్లకు కూడా కనిపించాలి. ఆఁ. నా మినహాయింపు తీసెయ్. పరీక్ష నడుపు.

(హాలంతా తెర వైపు చూస్తోంది)

ఎర్రబడింది. అదిగో, నా పేరే! మనం రాసిన పరీక్ష నన్ను పట్టుకుంది, చూశారా? (ఎడతెగని చప్పట్లు) ఆపండాపండి, పని ఇంకా కాలేదు. ఇప్పుడు నా తాళం తీసెయ్. ఏడవకమ్మా, అక్షరాలు మసగ్గా కనిపించి బ్రహ్మగారి తాళం తీసేస్తావు. (నవ్వులు) నొక్కు. నొక్కమంటున్నానా. మళ్లీ నడుపు.

పచ్చ.

ఈ పచ్చని నేను నమ్ముతాను. ఇక నేను బయటి మనిషిని. రేపు నేనే వచ్చి బతిమాలినా లోపలికి రానివ్వకండి. సెలవు.