కమిటీలో ఒక మొద్దు

హలో… ఆ చిజూ, అన్నయ్యనే. చేతిలో సూది, ఒళ్లో చాప… పర్లేదు, చెప్పు. బావ నడక ఎలా ఉంది?

… గోడ పట్టుకునా? మొన్న కర్ర చాలిందన్నావుగా!

… కొత్త మందా? మన పెద్దాసుపత్రిలోనే పరీక్షిస్తారా? మరింకేం, రేపే—

… ఏ కమిటీ? మందు పరీక్షలకి అనుమతిచ్చేదా?

… మూడుసార్లు తిప్పి పంపారా… ఎవడో చదువు రాని మొద్దు వల్లా… డాక్టరుగారే అన్నారా ఆ మాట?

…

చిజూ… ఆ మొద్దుని నేనే.

… అవునే! నెలకోసారి కోటు వేసుకుని వెళ్తాను చూడు, అక్కడికే. డాక్టర్లతో పాటు ఒక మామూలు మనిషి కూర్చోకపోతే మీటింగే చెల్లదట. తొమ్మిదితో బడి మానేసి చాపలు కుట్టుకునేవాడికంటే మామూలోడు ఎక్కడ దొరుకుతాడు?

… ఎందుకంటే… ఏప్రిల్‌లో ఒక మాట అర్థం కాలేదన్నాను. ప్రొఫెసర్లంతా తల వంచి, 'చాలా విలువైన ప్రశ్న' అన్నారు. పుట్టి బుద్ధెరిగాక నాకెవడు తల వంచాడే? ఆ రుచి మరిగాను. మేలో ఇంకోటి అడిగా. జూన్‌లో… నిజం చెప్పనా, జూన్‌లో అంతా అర్థమైంది. ఊరికే భోజనానికి వచ్చాడనుకుంటారని, కాగితాలమీద ఒక సంతకపు ముద్ర వంకరగా పడిందన్నాను.

… ఆ, దానికే. నూట పన్నెండు పేజీలు, తొమ్మిదిమంది ముద్రలు, మళ్లీ మొదటినుంచి.

… తిట్టు. ఇంకా తిట్టు. నేనూ అదే తిట్టుకుంటున్నా.

… గురువారం మీటింగుకి వెళ్లి ఊ అనేస్తే అయిపోదే! అయినవాళ్ల విషయంలో నేనా గదిలో ఉండకూడదు. దాచానా, బయటపడిన రోజు మందే ఆపేస్తారు. లేచి వచ్చానా, మామూలు మనిషి లేడని మీటింగు ఆగస్టుకి పోతుంది. ఆగస్టుకి బావ…

… ఆ. తెలుసు. ఏడవకు.

ఒకటే దారి. నేను తప్పుకుంటా. గురువారంలోగా ఇంకో మొద్దుని వెతికి ఇస్తే, నా చోట కూర్చోబెట్టడానికి డైరెక్టరు ముద్ర ఒక్కటి చాలు.

… మంగలి ఉసామి అంటావా? వాడు రోజూ పేపరు చదువుతాడు, పనికిరాడు.

… నవ్వావా? హమ్మయ్య… వీధిలో అందరి స్నానాల ఇల్లు నడిపే ముసలమ్మా? ఆవిడైతే బంగారం. ఇప్పుడే వెళ్లి కాళ్లు పట్టుకుంటా.

ఒక్కమాట విను. మీకిచ్చే కాగితం మొదటి పేజీలో, పైనే ఉంటుంది: 'ఈ మందుతో నడక ఇంకా దెబ్బతినవచ్చు' అని. ముందది ముప్పై ఒకటో పేజీలో దాక్కుంది. మేలో పైకి లాక్కొచ్చింది నేనే. బావకి గట్టిగా చదివి వినిపించు. సంతకం ఆ తర్వాతే.

… ఆ, రాజీనామాకీ ఫారం ఉంది. సొరుగులోనే… తీశా. మూడో వరుసలో ఈ మాటేంటో… లేదు లేదు, అడగను! ఎవర్నీ అడగను. అర్థమైంది, అంతా అర్థమైంది.

ఉండు, ముద్ర వేస్తున్నా…

పడింది. కాస్త వంకరగానే పడింది.

… ఎవడు చూస్తాడే, చూసేవాడు తప్పుకున్నాడుగా. పెట్టేస్తున్నా.