నల్లగుర్రం మామయ్య మీదికొచ్చిన రోజు

పరిగెత్తే గుర్రాన్ని ఒంటిచేత్తో ఆపినవాణ్ని నేను! సరే, ఒంటిచేత్తో అన్నది కాస్త ఎక్కువైంది, రెండు చేతులూ వేశాను. నవ్వకండి. ఈ టీకొట్టు అత్తయ్యదే కదా, ఆవిణ్నే అడగండి. ఆ రోజు నేను లేకపోతే మామయ్య దక్కేవాడే కాదు.

"నేనేం చూళ్ళేదురా, ఆయన చెప్తే విన్నాను," అంది అత్తయ్య గ్లాసులు కడుగుతూ. "చెప్పు. ఆయన పోయి నెలైంది, ఆయన మాట వినాలనుంది."

మామయ్యకి నడుం కింద కదలిక లేదు. చిన్నప్పటినుంచీ చక్రాల కుర్చీయే. అయినా గుర్రప్పందాలంటే ప్రాణం. పందెం కాయడు, చూస్తాడంతే. పందేనికి ముందు గుర్రాల్ని గుండ్రంగా నడిపిస్తారే, ఆ కంచె దగ్గరికి ఆదివారం ఆదివారం ఆయన్ని తోసుకెళ్ళే పని నాది. అందరూ గుర్రం మొహం చూస్తే ఆయన కాళ్ళు చూసేవాడు. "నా ఎత్తుకి కనిపించేవి అవేరా," అనేవాడు. ఫలానాదానికి నాడా మేకు గుచ్చుకుంటోంది, గెలవదు అన్నాడంటే, గెలవదంతే.

ఆ రోజు ఒక నల్లగుర్రాన్ని చూసి, "ఒరేయ్, దీనికి కాలు నొప్పిగా ఉంది, ఊరుకోదు," అన్నాడు. అన్నాడో లేదో, అది పట్టుకున్నవాడి చేతిలోంచి కళ్ళెం విదిలించుకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కంచె దూకింది!

"కంచె ఎంతెత్తు?" అన్నాడు టైలరు బాబాయి.

నడుమెత్తే బాబాయ్, కానీ గుర్రం మేడంత! దాని నీడ పడితే సాయంత్రమైందనుకుని పిట్టలన్నీ గూళ్ళకి పోయాయి. అది బుస కొడితే పక్కవీధిలో టోపీలు ఎగిరాయి. కళ్ళు చూడాలి, రెండు కొలుములు. సూటిగా మామయ్య మీదికే వస్తోంది. ఇప్పుడు తలుచుకున్నా అరచేతులు తడుస్తాయి. ఇదిగో, పట్టుకు చూడండి, ఇది మాత్రం అబద్ధం కాదు.

"మిగతాదంతా అబద్ధమేగా?"

అడ్డురాకు బాబాయ్! ఎగిరి కళ్ళెం అందుకున్నాను. అది నన్ను మైదానం చుట్టూ మూడుసార్లు ఈడ్చింది. చెప్పులు కాలిపోయాయి. మధ్యలో అసలు పందెం మొదలైంది, నేను పరిగెత్తేవాటన్నిట్నీ దాటేశాను. మొదటిది గుర్రానికిచ్చి నాకు రెండో బహుమతి ఇస్తామంటే, నాకెందుకండీ అని...

అక్కడ నా నోరు ఆగింది. గుర్రాల శాలలో పనిచేసే తాత గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వేరే శాలకి వెళ్ళిపోయాడు, ఇక రాడనుకున్న మనిషి.

"దాని కళ్ళెం నా చేతిలోంచే జారింది అబ్బాయ్," అన్నాడు టీ అందుకుంటూ. "నువ్వు గడ్డిబండి మీదున్నావు. నిచ్చెన వేసి దింపింది నేనే. దిగనంటే దిగనని ఏడ్చావు."

కొట్టంతా ఒకటే నవ్వు. అత్తయ్య నవ్వలేదు.

"మరి ఆపిందెవరు?"

"ఎవరూ ఆపలేదమ్మా. కుర్చీకి జానెడు దూరంలో అదే ఆగింది. నేను వెళ్ళేసరికి మీ ఆయన వంగి దాని కాలు నిమురుతున్నాడు."

అత్తయ్య నావైపు తిరిగింది. "ఆయన చేతులు ఇనపకడ్డీలు కదరా. ఒక్క తోపుకి కుర్చీ ఆ చివరికి పోయేది. పక్కకి ఎందుకు తప్పుకోలేదు?"

ఏదో ఒక కోత కోసి నవ్వించేద్దామనుకున్నాను. రాలేదు. తాతకి కూడా తెలియని సంగతి అది. మామయ్యకీ నాకూ మాత్రమే తెలుసు. ఆయన ఇంటికొచ్చి, "వీడే లేకపోతే నేను లేను," అన్నాడు. నేను కాదనలేదు. ఆ రోజునుంచీ ఈ కొట్లో మొదటి గ్లాసు నాదే.

"అత్తయ్యా," అన్నాను, "అక్కడ నేల వాలుగా ఉంటుందని చక్రాలకి బ్రేకు వేశాను. అది కుర్చీకి వెనకవైపు ఉంటుంది, ఆయనకి అందదు. గుర్రాన్ని చూడగానే బ్రేకు తియ్యకుండానే పరిగెత్తాను. బండెక్కి తిరిగి చూస్తే... చెయ్యి వెనక్కి చాపి, నాకోసం తడుముతున్నాడు."