తెలియని ఖాతా

కొండల నడుమ నారిన్ పట్టణం, బజారు వెనుక వీధిలో, కంప్యూటర్లు బాగుచేసే మెల్స్ దుకాణం. మధ్యాహ్నం రెండు కావస్తోంది. బల్ల మీద ఒక కొత్త కంప్యూటరు, పాతదాంట్లోంచి ఊడదీసి దానికి తగిలించిన డిస్కు. ఎదుటి స్టూలు మీద అత్‌బాషి అనే ఊరి నుంచి వచ్చిన జిపార్ అనే యువతి.

“నోటితో చెప్పడానికేం చెల్లెమ్మా, పన్ను నొప్పా?”

“కాగితం ఉంటే ఇవ్వండి అన్నా, రాస్తాను.”

“పాత కంప్యూటరు ఎవరి పేరుతో తెరిచేవాళ్లని అడిగాను, అంతేగా. దానికి కాగితం ఎందుకు?”

“కొత్తదాంట్లో కూడా అదే పేరు పెట్టాను. చూస్తే కనిపిస్తుంది.”

“సరే, చూస్తా... ఇదిగో. ఎర్మెక్. ఎర్మెకేనా?”

“తెర మీద ఉందిగా అన్నా.”

“ఎర్మెకేనా అంటున్నా.”

“మీరన్నదే.”

“ఓహో! ఇప్పుడర్థమైంది. పేరు అనకూడని మనిషా? మామగారా?”

“బావగారు. మా ఆయన అన్నగారు.”

“ముందే చెప్పొద్దూ! మా ఇంట్లోనూ ఇదే గోల. మా తాత పేరు కోయ్‌చుబాయ్. ‘కోయ్’ అంటే గొర్రె కదా, మా అమ్మ బతికున్నన్నాళ్లూ గొర్రెను గొర్రె అనలేదు. ‘ఉన్నిది’ అనేది. ఉన్నిది ఈనింది, ఉన్నిది తప్పిపోయింది. బజారుకెళ్లి ఉన్నిదాని మాంసం ఇమ్మంటే అందరూ నవ్వేవాళ్లు. నువ్వు నవ్వవేం?”

“బాగుంది అన్నా.”

“టీ తాగు, చల్లారిపోతోంది. ఏమంటోంది ఇది?”

“ఈ ఫోల్డరు తెరవడానికి మీకు అనుమతి లేదు అంటోంది. పన్నెండు రోజులుగా అదే మాట.”

“అనుమతి! పేర్ల గొడవ, అనుమతుల గొడవ నాకు చెప్పకు. మా నాన్న నలుగురు కమ్యూనిస్టు నాయకుల పేర్ల మొదటి అక్షరాలు కలిపి నాకు మెల్స్ అని పెట్టాడు. ఆ నలుగురికీ ఇప్పుడు ఏ గుమ్మంలోనూ అనుమతి లేదు. నేను మాత్రం మిగిలాను. డిస్కు బాగానే ఉందిలే, ఏమీ పోలేదు. అంత తొందరేమిటి?”

“రాతి మీద బొమ్మ చెక్కే ఆయనకి మూడింటిలోపు ఫోటో ఇవ్వాలి. రేపు వేరే ఊరికి పనికి వెళ్తాడట. మళ్లీ చలి మొదలయ్యేదాకా రాడు. ఫోటోలన్నీ ఇందులోనే ఉన్నాయి.”

“సమాధి రాయా? అంటే మీ బావగారు...”

“పోయాడు. మొన్నటి చలికాలం కాదు, అంతకు ముందుది. కనుమ మీద మంచు తీసే బండి నడిపేవాడు. పైనుంచి మంచు జారి బండి మీద పడింది.”

“అయ్యో. స్వర్గంలో చోటు దొరకాలి.”

“ఆఁ. పేరు అదే పెడితే తెరుచుకుంటుందనుకున్నాను అన్నా.”

“అందరూ అనుకునేదే. కానీ ఇది పేరు చూడదు చెల్లెమ్మా. ఒక్కో మనిషికి లోపల ఒక నంబరు రాసుకుంటుంది. పైన పేరు అదే ఉన్నా సరే, ఆ మనిషి వేరు, ఈ మనిషి వేరు.”

“ఒకే ఇంట్లో ఉన్నా?”

“ఒకే ఇంట్లో ఉన్నా.”

“అదే గదిలో ఉన్నా?”

“అదే కుర్చీలో కూర్చోబెట్టినా! నువ్వు ఆయనవి కాదు పొమ్మంటుంది.”

“అవును. కాదు.”

“ఇదిగో, ఇటు చూడు. దీని యజమాని ఎవరని అడిగాను. ఏమంటోందో చదువు.”

“‘తెలియని ఖాతా.’”

“పక్కన ఈ పొడుగాటి నంబరు. ఈ కొత్త కంప్యూటరుకి ఆ మనిషెవరో తెలియదు, నంబరొక్కటే తెలుసు.”

“ఇదంతా ఆయన నంబరేనా?”

“ముందు అంకెలన్నీ ఆ పాత కంప్యూటరువి. చివరి నాలుగే మనిషివి. వెయ్యిన్ని మూడు. అదీ మీ బావగారు.”

“వెయ్యిన్ని మూడు.”

“ఆఁ.”

“ఇంకెవరికైనా ఉంటుందా ఇది?”

“ముందు అంకెలతో కలిపి చూస్తే ఎక్కడా ఇంకొకరికి ఉండదు.”

“మొత్తం రాసిస్తారా?”

“ఎందుకూ పనికిరాదమ్మా. యజమానిని మార్చగానే ఇక్కడినుంచి పోతుంది.”

“పోతుందనే.”

“నువ్వూ విచిత్రంగానే ఉన్నావు... ఇంద, రాశాను. బల్ల మీద పెడుతున్నా. ఇప్పుడిక అసలు పని. ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. పోయిన మనిషి సొత్తు ఇది. ఇంకొకరి పేరు మీదికి మార్చేస్తే, రేపు ఎవరో వచ్చి నా దుకాణం ముందు అరవకూడదు. మీ బావగారి భార్య ఏమంటుంది?”

“ఏమీ అనదు.”

“ఆవిడకి తెలుసా ఈ సంగతి?”

“తెలుసు.”

“ఆవిడే వస్తే సరిపోయేదిగా. మొగుడి పేరేగా, తడుముకోకుండా చెప్పేది.”

“ఆవిడా అనదు ఇప్పుడు. ఇదివరకు అనేది.”

“ఇదివరకు ఏమిటి, ఇప్పుడేమిటి? ఎక్కడుంది ఆవిడ?”

“ఆ ఇంట్లోనే. పాప ఉంది, నాలుగేళ్లది.”

“పాపం, చిన్న వయసే అయ్యుంటుంది. మళ్లీ పెళ్లి చేశారా?”

“చేశారు... ఫోను మోగుతోంది, ఒక్క నిమిషం అన్నా. ఆఁ అపా. ఇక్కడే ఉన్నాను. ఇంకా తెరుచుకోలేదు. మూడింటిలోపే. పాప తిందా? ... లేదపా. నేను అనలేదు. దుకాణం ఆయనే చూసి చదువుకున్నాడు. ... ఒట్టు, అనలేదు. ఆఁ, ఉంటాను.”

“అత్తగారా?”

“ఆఁ.”

“ఫోన్లో కూడా కాపలానా!”

“మంచిదే అన్నా ఆవిడ. కొడుకు పోయాడు.”

“అదీ నిజమే. సరే, యజమాని అని ఎవరి పేరు పెట్టను?”

“మా ఆయన పేరు పెట్టమన్నారు. తిలెక్.”

“అరె! ఈ పేరు టక్కున వచ్చేసిందే! మొగుడి పేరు అనొచ్చా మీ ఇంట్లో?”

“చిన్నవాడు కదా. మొదటినుంచీ పేరుతోనే పిలిచేదాన్ని.”

“నీకంటే చిన్నవాడా? చేసుకునేముందు వయసు అడగలేదా!”

“మూడేళ్లు చిన్న. ఈ కొత్త కంప్యూటరు ఆయనే కొన్నాడు. పాతది పాడైందన్నాడు గానీ, అంతకుముందు కూడా ఎప్పుడూ దాని ముందు కూర్చోలేదు.”

“తిలెక్ పేరుతో ఇంకో ఖాతా తెరిచి, దాంట్లోంచే చేస్తున్నా... ‘లోపలున్న వాటన్నింటికీ ఇతనే యజమాని’... టిక్కు పెట్టాను. ఇక పరిగెత్తుతుంది చూడు. రెండు వేలు... మూడు వేలు... ఎన్ని ఫోటోలు తీశాడమ్మా మీ బావ!”

“కనబడినవన్నీ తీసేవాడు. కనుమ మీద మబ్బు, బండి టైరు, పాలు పొంగిపోవడం. పాలు పొంగుతుంటే పొయ్యి ఆపడు, ఫోటో తీస్తాడు.”

“నువ్వు తిట్టేదానివా?”

“ఆఁ... ఎన్ని అయ్యాయి?”

“అయిపోయాయి. యజమాని తిలెక్. నువ్వే తెరువు, ఇక్కడ నొక్కు.”

“అనుమతి లేదు అంటోంది.”

“అనదు. ఏదీ, జరుగు... అంటోంది! ఆఁ, తెలిసింది. యజమాని అయినంత మాత్రాన లోపలికి రానివ్వదు ఇది. పేరుకి యజమానే, అయినా గుమ్మం బయటే నిలబెడుతుంది. లోపలికి వెళ్లే హక్కు విడిగా ఇవ్వాలి.”

“ఎవరివ్వాలి?”

“ఎవరో ఎందుకు, యజమానే. తనకి తనే ఇచ్చుకోవాలి.”

“ఆయన ఇచ్చుకోడు.”

“ఎవరు?”

“ఏం లేదు. మీరు కానివ్వండి.”

“నేనే ఇచ్చేస్తున్నా ఆయన తరఫున. చదవడానికి, రాయడానికి, అన్నిటికీ... ఇదిగో! తెరుచుకుంది. చూశావా? నీకు కాస్తయినా సంతోషం లేదేం?”

“ఉంది అన్నా. టైమెంతయింది?”

“రెండుంబావు. ఉందిలే టైము. రాతికి ఏది కావాలి? మొహం తిన్నగా కనబడాలి, ఒక్కడే ఉండాలి. వాళ్లు అలాంటిదే అడుగుతారు.”

“ఒక్కడే ఉన్నది ఉండదు. తీసేది ఆయనే కదా. తెల్ల కల్పాక్ టోపీ పెట్టుకున్నది ఒకటుంది. కిందికి వెళ్లండి. ఇంకా. ఇంకా కిందికి. అదే.”

“ఇదా? బాగుంది. మంచి మనిషి మొహం. పక్కన పెళ్లికూతురుందే. భార్యా? మరి ఈమెని కత్తిరించాలి.”

“కత్తిరించండి.”

“ఈమె చెయ్యి ఆయన భుజం మీద మిగిలిపోతుంది. ఆగు, పెద్దది చేసి చూస్తా, దగ్గరగా... చెల్లెమ్మా.”

“చెయ్యి కూడా తీసేయండి.”

“ఇది నువ్వు.”

“ఆఁ.”

“బావగారన్నావు కదా.”

“ఆరేళ్లు మా ఆయన. పేరు పెట్టే పిలిచేదాన్ని, ఎవరూ ఏమనేవారు కాదు. పోయిన అక్టోబరులో తమ్ముడికిచ్చి చేశారు. అప్పటినుంచి బావగారు. బావగారి పేరు కోడలి నోట రాకూడదు.”

“ఉండమ్మా, చెయ్యి చెరిపేస్తున్నా.”

“ఊరికెళ్లే వ్యాను కూడా చూసుకోవాలి అన్నా. అయ్యిందా?”

“అయ్యింది. భుజం సరిచేశాను, చెయ్యి కనబడదు. ఇదిగో, ఈ పెన్‌డ్రైవులో వేశాను. ఒక్కడే ఉన్నాడు. డిస్కు ఈ సంచిలో పెట్టాను... ఈ నంబరు కాగితం ఇక పనికిరాదుగా, పారేయనా?”

“వద్దు, ఇటివ్వండి. వెయ్యిన్ని మూడు. ఇది పేరు కాదు కదా అన్నా, పైకే అనొచ్చు.”